చందమామకి రొయ్యల పొడి

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆ రాకెట్ల పుస్తకం తలకింద నుంచి తీసెయ్, మెడ పట్టేస్తుంది. పొద్దున నన్నేమన్నావు? "పుస్తకంలో ఉండేదే నిజం, నీ కథలన్నీ అబద్ధాలు అమ్మమ్మా" అన్నావు. ఓసి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అయితే విను. మధ్యలో ప్రశ్నలేశావంటే ఆపేసి గురకపెడతా.

అనగనగా, మరీ అంత అనగనగా కూడా కాదులే, మొన్నమొన్నటి అనగనగా, సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పక్కనే రాకెట్లు వదిలే చోటు. ఆ పల్లెలో ఆర్ముగం అని చేపలు పట్టే ఆయన ఉండేవాడు. ఆయనకి పొన్నమ్మ అని ఒక్కతే కూతురు. పొన్నమ్మ ఇంకా బడికి పోయే ఈడు కూడా రాకముందే తల్లి జ్వరమొచ్చి చచ్చిపోయింది.

"అమ్మ యాడికి పోయింది నాయనా?" అని అడిగింది పాప. ఆ తండ్రి ఏం చెప్తాడు పాపం. అప్పుడే చందమామ పైకొస్తా ఉంది. అదుగో, అక్కడ ఒక అవ్వ పూటకూళ్ళ ఇల్లు నడుపుతా ఉంది, ఆకాశంలో తిరిగే వాళ్ళందరికీ అన్నం పెడతది, ఒక్కతే చేసుకోలేక మీ అమ్మని తోడు పిలుచుకుంది అనేశాడు. పాప ఏడవలేదు. సరే అంది. అంతే.

ఇంకో సంగతి చెప్పాలి నీకు. ఆ ఊళ్ళో రాకెట్టు వదిలే రోజు ఒక్క పడవ కూడా సముద్రంలోకి పోకూడదు. పైనుంచి ఏం రాల్తాయో ఏమో అని వేట ఆపేస్తారు. మగాళ్ళంతా ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఆ రోజు ఆర్ముగం వల కుడతా పాపకి కథ చెప్పేవాడు. ఒక రాకెట్టుకి అవ్వ పెరట్లో కట్టేసిన రెక్కల గుర్రాల కథ. ఇంకో రాకెట్టుకి చుక్కలన్నీ బంతికి కూర్చుని చేపల పులుసు జుర్రుకున్న కథ. పాప నవ్వలేక ఇసకలో దొర్లేది. ఆయనకీ హాయిగా ఉండేది.

ఆ తర్వాత ఒక కబురొచ్చింది. ఈసారి పోయే రాకెట్టు చందమామ మీదికేనంట, ఒక మిషను అక్కడ దిగి ఫోటోలు తీసి పంపిస్తుందంట. ఊరంతా సంబరపడింది. ఆర్ముగానికి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఫోటోలో ఇల్లూ లేక, అవ్వా లేక, అమ్మా లేకపోతే నా బిడ్డ ఏమైపోతుందో అని బెంగ. చెప్పేద్దామని నోరు తెరిచేవాడు, పాప మొహం చూసి మూసుకునేవాడు.

పొన్నమ్మకి ఆ బెంగేం తెలుసు? బడికి పోతా ఉందిగా, కాస్త తెలివొచ్చింది. టౌనులో చుట్టాలకి ఏదన్నా పంపాలంటే మనం ఏం చేస్తాం? బస్సు కండక్టరు చేతికి మూటిస్తాం, అవతల వాళ్ళొచ్చి తీసుకుంటారు. రాకెట్టు కూడా అట్టాంటిదే అనుకుంది పిచ్చిది. వాళ్ళమ్మకి ఎండు రొయ్యల పొడంటే ప్రాణం. అందుకని పక్కింటి పెద్దమ్మ కాళ్ళావేళ్ళా పడి, తెల్లగడ్డలు దండిగా వేయించి దంచించుకుని, డబ్బాలో పోసుకుని బయల్దేరింది.

ముందు బస్సు కండక్టరుని అడిగింది. ఆయన పడీపడీ నవ్వి, చందమామ స్టాపు మా రూట్లో లేదు పాపా అన్నాడు. అప్పుడు రాకెట్ల చోటు గేటు కాడ కాపలా ఆయన్ని అడిగింది. ఆయన నవ్వలేదు గానీ, లోపలికి చీమని కూడా పోనివ్వం తల్లీ అన్నాడు. ఆ తర్వాత ఒక జీపు వచ్చి గేటు కాడ ఆగింది. అందులో హైమవతి అని ఒక ఇంజనీరమ్మ ఉంది. పొన్నమ్మ డబ్బా పైకెత్తి ఆమెకి చూపించి, చందమామలో అమ్మకి ఇయ్యమంది.

ఇట్టా ఇయ్యి, పంపిస్తాలే అంటే అక్కడితో అయిపోయేది. ఆమె అనలేదు. జీపు దిగి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని, కథంతా అడిగి చెప్పించుకుంది. గుర్రాల కాడ నవ్వింది కూడా. ఆ తర్వాత పాప చెయ్యి పట్టుకుంది.

"నీకు అబద్ధం చెప్పలేనమ్మా. అక్కడ ఎవరూ లేరు. గాలి కూడా లేదు, పిలిస్తే పక్కనోళ్ళకే వినపడదు. మీ అమ్మ అక్కడ లేదు."

పాప తలొంచుకుంది. మరి గుర్రాల కథకి నువ్వెందుకు నవ్వావు అని అడిగింది. పొద్దంతా లెక్కలు చేసి, అన్నాల కాడ మేమూ అట్టాంటి కథలే చెప్పుకుంటాం, అవి లేకపోతే మాకు పొద్దుపోదు అందామె. డబ్బా నేను తీసుకోనా, మావాళ్ళందరికీ పెడతాను అని కూడా అడిగింది. పాప ఇచ్చేసింది.

ఇంటికొచ్చి పొన్నమ్మ ఏడ్చింది చూడూ, తల్లి పోయినప్పటి ఏడుపంతా ఆ రోజు ఏడ్చింది. ఆర్ముగం ఒళ్ళో వేసుకుని తనూ ఏడ్చాడు. ఇంక ఆ కథలు చెప్పను తల్లీ అన్నాడు.

కొన్నాళ్ళకి రాకెట్టు పోయింది. ఇంకొన్నాళ్ళకి మిషను చందమామ మీద దిగింది. బళ్ళో టీవీ పెట్టి ఫోటో చూపించారు. బూడిద రంగు దుమ్ము, గుంటలు, అంతే. ఊరంతా ఫోటోని చూస్తా ఉంటే ఆర్ముగం పాప మొహాన్ని చూస్తా కూర్చున్నాడు. పాప కళ్ళు ఇంతింత చేసుకుని, ఎంత బాగుందో నాయనా అంది.

సాయంత్రం వల కాడికొచ్చి కూర్చుని కథ చెప్పమంది. ఏం కథ చెప్పేది, అక్కడ ఎవరూ లేరని చూశావుగా అన్నాడాయన.

"లేదని తెలుసు నాయనా. అయినా చెప్పు."

ఆర్ముగం గొంతు సవరించుకున్నాడు. మిషను చందమామ మీద దిగింది, ఒళ్ళంతా దుమ్ము, మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, ఓయమ్మా, మా ఊరిదానివా, లోపలికి రా అని పిలిచింది అన్నాడు.

"పిలిస్తే వినపడదు. అక్కడ గాలి లేదు గదా."

ఆయన వలకి ఇంకో ముడేశాడు.

"అవును గదా. అయితే చెయ్యూపి పిలిచింది."

"గాజులు మోగలేదా?"

"మోగలేదు. మెరిశాయి."

పాప నవ్వింది. నవ్వి తండ్రి భుజం మీద తల పెట్టుకుని, ఊఁ, ఆ తర్వాత అంది.

రాకెట్టేమో నింగికి,
పడవేమో నీటికి,
కథేమో కంచికి,
నా బంగారేమో నిద్రకి.