మహారాజు ఈత పాఠం

పెద్దేటి ఒడ్డున నీలవరమనే రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే అనంగభూపాలుడు పడుచుతనంలో పన్నెండేళ్లు వరసగా ఈత పందెం గెలిచినవాడు. గెలిచినప్పుడల్లా తనకు తానే ఒక బిరుదు ఇచ్చుకున్నాడు. ఆ బిరుదులన్నీ చదవడానికి వందిమాగధులకు ఊపిరి చాలేది కాదు.

ఏటి నడుమ ఒక లంక ఉంది. ఏటా ఈ ఒడ్డు కుర్రవాళ్లకూ, ఆవలి ఒడ్డున ఉన్న మల్లవరం కుర్రవాళ్లకూ లంకదాకా ఈత పందెం జరిగేది. గెలిచినవారి రైతులే ఆ ఏడు లంకలో పుచ్చతోటలు వేసుకోవాలి. ఒక ఏడు నీలవరం ఓడిపోయింది.

రాజు మండిపడి, ఈతశాలలో కుర్రవాళ్లకు నేర్పే ముసలి గంగులును పిలిపించాడు.

"నువ్వెన్ని పందేలు గెలిచావు?"

"ఒక్కటీ లేదు మహారాజా. తమరితోనే నాలుగుసార్లు ఈదాను. నాలుగుసార్లూ వెనకే ఉన్నాను."

"ఓడినవాడు గెలుపేం నేర్పుతాడు? రేపటినుంచి నేనే నేర్పుతాను."

రాజు నేర్పే పద్ధతి తేలికైనది. ఏట్లో దూకి, చేపలా ఒక చుట్టు చుట్టి వచ్చి, "చూశారుగా, అలా ఈదండి" అనేవాడు. ఎవరైనా సందేహం అడిగితే, "నేనెవరిని అడిగి నేర్చుకున్నాను?" అని కసిరేవాడు. రెండు నెలల్లో సగంమంది మానేశారు. సూరన్న అనేవాడు సుడిలో చిక్కుకుంటే బెస్తలు జుట్టు పట్టి లాగి బతికించారు.

సూరన్న తల్లి ఏడుస్తూ పేరన ఇంటికి వెళ్లింది. పేరన రాజుగారి కొలువులో మాటకారి. భారీ మనిషి. నీళ్లంటే ఎంత హడలంటే, చెంబు దాటి స్నానమే ఎరగడు.

మర్నాడు సభలో పేరన లేచి, "ప్రభూ, నాకూ ఈత నేర్పండి" అన్నాడు.

సభంతా నవ్వింది. "నీకంటే రోలుకు నేర్పడం నయం" అన్నాడు రాజు.

"ఆ రోలు తేలితేనే గదా గురువు గొప్పతనం తెలిసేది. నెల గడువివ్వండి. నాకు ఈత నేర్పినవారే ఇకమీదట ఈతశాలకు పెద్ద అనీ, వారి మాటకు రాజైనా అడ్డు చెప్పరాదనీ శాసనం రాయించండి."

తన మాటకు తానెందుకు అడ్డు చెబుతాడు? రాజు మీసం దువ్వి ముద్ర వేయించాడు.

పది రోజులు పాఠం నడిచింది. "దూకు" అన్నాడు రాజు. పేరన దూకి మునిగాడు. "మునగకు" అన్నాడు రాజు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేకపోయింది. పదకొండో రోజున విసుగెత్తి, "ఇక నువ్వే సాధన చేసుకో" అని వెళ్లిపోయాడు.

పేరన తిన్నగా గంగులు గుడిసెకు వెళ్లాడు. గంగులు అతన్ని నడుము లోతు నీళ్లలో నిలబెట్టి, "అయ్యగారూ, మీకు భయం ఎక్కడ మొదలవుతుంది? మోకాళ్ల దగ్గరా, గుండె దగ్గరా?" అని అడిగాడు.

"మా ఇంటి దగ్గరే మొదలవుతుంది."

"నాకూ అంతే. బెస్తల ఇంట పుట్టి కూడా పదేళ్లదాకా ఏట్లో దిగలేదు. ముందు ముక్కు ముంచి బుడగలు ఊదండి. మిగతాది రేపు చూద్దాం."

గడువునాడు ఊరంతా రేవుకు వచ్చింది. పేరన మెల్లగా బారలు వేసుకుంటూ లంకకు ఈది, కాస్త కూర్చుని, మళ్లీ ఈదుకుంటూ తిరిగి వచ్చాడు. రాజు పొంగిపోయి, "చూశారా నా శిష్యుణ్ణి. శాసనం చదవండి" అన్నాడు. చదివారు.

పేరన తల తుడుచుకుని, "ప్రభూ, మా గురువుగారు జనంలో వెనక నిలబడ్డారు. గంగులును ముందుకు రమ్మనండి" అన్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "పది రోజులు నేర్పింది నేను కానా?"

"తమరి దగ్గర ఏటిని తాగడం నేర్చుకున్నాను, ఆయన దగ్గర ఈదడం. ఒక్క మాట అడుగుతాను. ఈదేటప్పుడు తమరు ఊపిరి ఎప్పుడు తీసుకుంటారు?"

రాజు గాలిలో చేతులు తిప్పి చూసుకున్నాడు. ఎంతకీ తేలలేదు. "అదే వస్తుంది" అన్నాడు చివరికి.

గంగులు చేతులు కట్టుకుని, "నాలుగు బారలకొకసారి మహారాజా, కుడిచెయ్యి లేచినప్పుడు. నాలుగు పందేల్లో తమరి వెనకే ఉన్నాను గదా, చూస్తూనే ఉన్నాను. తమరి ఎడమకాలు మాత్రం కాస్త సోమరిది" అన్నాడు.

జనం బిగుసుకుపోయారు. రాజు తన ఎడమకాలి వంక ఒకసారి చూసుకున్నాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తన ముత్యాల హారం తీసి గంగులు మెడలో వేశాడు. పేరనకు బంగారు కడియం తొడిగి, "మరి నేనిక ఈతశాలకు రాకూడదా?" అని అడిగాడు.

"తప్పక రావాలి ప్రభూ. తమరు ఈదుతుంటే చూసి కుర్రవాళ్లకు దూకాలనిపిస్తుంది. అది గంగులు వల్ల కాదు. దూకాక జరిగే సంగతి ఆయనకు వదలండి."

అలాగే జరిగింది. మానేసినవాళ్లంతా తిరిగి వచ్చారు. మరుసటి ఏడు పందెంలో సూరన్న మూడు బారల ముందుగా లంకను తాకాడు. ఆ కేకలకు ఆవలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. రాజు పట్టుబట్టలతోనే ఏట్లో దూకి లంకకు ఈదాడు. సూరన్నను పడవలో వెంటబెట్టుకొచ్చి, రేవులో భుజాన ఎత్తుకుని, గంగులు ముందు దించాడు.