శతకుల్య దేశంలో కనకవర్షం

పూర్వం చాక్షుష మన్వంతరంలో, పయోవతీ నదికి ఇరువైపులా విస్తరించి, పంటకాలువల సమృద్ధి చేత శతకుల్యమని పేరుగాంచిన దేశాన్ని వసుధర్ముడనే రాజు పాలిస్తుండేవాడు. అరిభయంకరుడు, దానశీలుడు అయిన ఆ భూపతికి కీర్తికాంక్ష మాత్రం మితిమీరి ఉండేది. దిగ్విజయయాత్రలు సాగించి, జయస్తంభాలు నాటించి, కాలువల్లో పూడిక తీసేవారిని సైతం సేనలో చేర్చుకోగా, నీరందక పొలాలు బీడువారాయి. పంట తగ్గి బొక్కసం తరిగింది. బొక్కసం నింపడానికి రాజు పన్ను పెంచగా, కట్టలేని రైతులు సేద్యమే మానుకున్నారు.

మంత్రి బుద్ధిసారుడు చేతులు జోడించి, "మహారాజా, సైనికులకు జీతాలివ్వడానికి ధనం లేదు. ప్రజల దగ్గర ఇంకా తీసుకోవడానికీ ఏమీ లేదు. దండయాత్రలు ఆపి కాలువలు బాగుచేయించండి" అని విన్నవించాడు. వెనుదిరగడం పరాభవమని తలచిన వసుధర్ముడు ఆ మాట చెవినిడక హిమవత్పర్వతానికి వెళ్లి, వాయుభక్షణం చేస్తూ కుబేరుని గూర్చి తపస్సు చేశాడు.

అలకాపురాధీశుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నాడు.

"యక్షేశ్వరా, నా దేశంలో ఇంటింటా బంగారం కురిపించు."

"రాజా, నా అధికారం బంగారం మీదనే గాని ధాన్యం మీద లేదు. అది తెలిసే అడుగుతున్నావా?"

"బంగారంతో కొనలేనిది ఏముంటుంది స్వామీ?"

కుబేరుడు తథాస్తు అని అంతర్ధానమయ్యాడు.

శతకుల్యంలో బంగారం వానగా కురిసింది. ప్రజలు పండుగ చేసుకున్నారు. కుమ్మరి సారె వదిలాడు, సాలెవాడు మగ్గం దిగాడు, ఉన్న కొద్దిమంది రైతులూ పొలం ముఖం చూడలేదు. కొద్దికాలానికే ఉప్పుకూ పప్పుకూ వెల ఆకాశాన్నంటింది. పొరుగుదేశాల వర్తకులు సైతం శతకుల్యపు బంగారం తీసుకోవడం మానేశారు.

ఈ వార్తలు విని రాజు మారువేషంలో అంగడివీధికి వెళ్లాడు. చంటిబిడ్డను చంకనెత్తుకున్న ఒక స్త్రీ కొంగు నిండా బంగారం తెచ్చి బియ్యం అడుగుతోంది.

"నిన్నయితే దీనికి కుంచెడు ఇచ్చేవాణ్ణి తల్లీ. ఇవాళ గిద్దెడు కూడా రాదు. నేను మోసం చేయడం లేదమ్మా, కొట్లో గింజలే లేవు" అన్నాడు వర్తకుడు.

"అయితే ఈ బంగారం అరగదీసి బిడ్డకు ఉగ్గు పెట్టమంటావా నాయనా?" అని, ఆమె కొంగులోని బంగారాన్ని అక్కడే కుమ్మరించి వెళ్లిపోయింది. దాన్ని తీసుకోవడానికి ఎవరూ వంగలేదు.

వసుధర్ముడు నేరుగా నదీతీరంలోని శీలాయన మహర్షి ఆశ్రమానికి వెళ్లి, పాదాలంటి జరిగినదంతా చెప్పుకున్నాడు. త్రికాలవేదియైన ఆ ముని, "నాయనా, పండేది తగ్గింది, చేతుల్లో బంగారం పెరిగింది. ఇక వెలలు పెరగక ఏమవుతాయి? ముందు ఆ బంగారం పోవాలి. తరువాత నీరు రావాలి" అన్నాడు.

రాజు ప్రార్థించగా ధనదుడు మళ్లీ దర్శనమిచ్చి, "వరం వెనక్కి పోవాలంటే నీ పుణ్యమంతా దానితోపాటే పోవాలి. స్వర్గం మీద ఆశ వదులుకోగలవా?" అని అడిగాడు.

"ఆ బిడ్డ ఆకలి తీరనిదే స్వర్గం నాకెందుకు స్వామీ? తీసుకో" అన్నాడు వసుధర్ముడు.

కురిసిన బంగారమంతా మాయమైంది. దానితో పాటే ఐశ్వర్యం పోయిందని ప్రజలు రాజును శపించారు. ఆయన రాజభవనంలోని సొత్తు పొరుగురాజులకు అమ్మి ధాన్యం తెప్పించి పంచాడు. పన్నును ఆరవ పాలుకు దించి, సేనలను కాలువలకు పంపి, తానూ పలుగు పట్టి బురదలో దిగాడు. తొలి పంట అంతంతమాత్రమే అయింది. మరుసటి పంటకు నీరు చివరి పొలం దాకా పారింది.

అప్పుడు సర్వంసహయైన భూదేవి సంతుష్టయై ప్రత్యక్షమై వరం కోరుకోమంది.

"అమ్మా, ఈ నేలమీద కష్టపడినవాడికి ఫలం దక్కాలి. ఆరవ పాలు మించి తీసుకున్న రాజుకు కంటిమీద కునుకు రాకూడదు. ముందుగా అది నాకే వర్తించాలి."

దేవి చిరునవ్వుతో అనుగ్రహించి, పోగొట్టుకున్న పుణ్యాన్ని కూడా తిరిగి ప్రసాదించింది. నాటినుంచి శతకుల్యంలో కాలువలు నిండుగా పారాయి, వెలలు నిలకడగా నిలిచాయి, బొక్కసం మెల్లగా నిండింది. ఈ వృత్తాంతాన్ని శ్రద్ధతో విన్నవారి గాదె వట్టిపోదని శీలాయన మహర్షి శిష్యులకు చెప్పాడు.