గాజులు మోసే గాలి

ఓబులేసు ఆశ్రమం విడిచి వెళ్లిపోయాడు. తన వల్లే వెళ్లిపోయాడని విరూపాక్షికి తెలుసు. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసనీ తెలుసు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండును. సామి ఒక్క మాట కూడా అనకపోవడంతో అతనికి అన్నం సహించడం లేదు.

కదిరి దాటి కొండల వైపు పోయే తారురోడ్డు పక్కన ఉంది ఆ ఆశ్రమం. నాలుగు రేకుల గదులు, ఒక సావిడి, వెనక కొంచెం వేరుసెనగ చేను. చౌడప్ప సామి ఉపదేశాలిచ్చే మనిషి కాదు. తెల్లవారుజామున అందరూ కలిసి కాసేపు కదలకుండా కూర్చోవాలి, తర్వాత ఎవరి పని వాళ్లు చేసుకోవాలి, అంతే ఆయన చెప్పేది.

ఆ 'కదలకుండా' అన్న మాటకు కాపలాదారు విరూపాక్షి. ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. దోమ కుట్టినా చెయ్యెత్తడు. పక్కవాడు ఎత్తితే మాత్రం, కళ్లు మూసుకునే పసిగట్టేస్తాడు. సామి కంటే సామి నియమాలే అతనికి ఎక్కువని వెనక నవ్వుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఓబులేసు తల నెరిసేదాకా లారీ తోలినవాడు. తాగుడు మానాలని వచ్చాడు. ఉగాదికి వచ్చినవాడు దసరా వెళ్లినా చుక్క ముట్టలేదు. కానీ మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. ఒకరోజు ధ్యానం మధ్యలో నొప్పి ఆగక కుడికాలు ముందుకు చాపాడు. చాపింది సామి పీట ఉన్న వైపు.

"కాళ్లు చాపుకోనీకి ఇది లారీ కాదు" అన్నాడు విరూపాక్షి, సావిడంతా వినేటట్లు.

ఓబులేసు కాలు మడుచుకున్నాడు. మర్నాడు చూస్తే అతని చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, మనిషి లేడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అతని చెల్లెలు లక్షుమమ్మ ఫోను చేసింది. ఓబులేసు తన ఇంట్లోనే, కొండ అవతల గొల్లపల్లిలో ఉన్నాడట. సాయంత్రం లారీ వస్తుందట, గౌహతి లోడుకు డ్రైవరుగా ఒప్పుకున్నాడట.

"లారీ ఎక్కితే మళ్లా సీసా పట్టుకుంటాడు సామీ. ఈసారి పట్టుకుంటే మనిషి మిగలడని డాక్టరు ముందే చెప్పినాడు. ఫోనిస్తే చేతికి తీసుకోల్యా. మీ దాంట్లో ఎవరన్నా వచ్చి ఒక మాట చెప్పండి" అని ఏడ్చింది.

సామి ఫోను పెట్టేసి విరూపాక్షి వైపు తిరిగాడు.

"నువ్వు పో నాయనా. పోయి పిల్చుకొని రా."

తిట్టిన వాడినే పంపడం ఏమిటో విరూపాక్షికి అర్థం కాలేదు. అయినా ఎదురు చెప్పలేదు. బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది. తారురోడ్డు కదిరి మీదుగా చుట్టూ తిరిగి పోతుంది, అది పట్టుకుంటే లారీ అందదు. దగ్గరి దోవ ఒక్కటే. ఫారెస్టు వాళ్లు కొండ మీదుగా వేసిన కంకరదోవ. ఆశ్రమంలో ఉన్న బండీ ఒక్కటే, ఒక సైకిలు.

దాన్ని బెంగళూరు నుంచి వచ్చే ఒక భక్తుడు ఇచ్చి పోయాడు. వంపు హ్యాండిలు, సన్నటి ఒళ్లు. ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ అంటారట. రోజంతా తొక్కినా నడుము నొప్పి పుట్టకుండా, తారు మీద దూరాలు పోవడానికి చేసిన సైకిలు. ఇచ్చే ముందు దానికి పట్టినంత లావు టైర్లు వేయించి, "కంకర మీద కూడా పోతుందన్నా, కాకపోతే..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. విరూపాక్షి అప్పటికే పంచె కొంగుతో హ్యాండిలు తుడుస్తున్నాడు. ఆ 'కాకపోతే' తర్వాతి మాట అతని చెవిన పడలేదు. అప్పటినుంచి కదిరి నుంచి సరుకులు తెచ్చినప్పుడల్లా ఆ సైకిలు దిగే తీరు చూడాలి, పెళ్లికొడుకు గుర్రం దిగినట్లే.

రాళ్లదోవ కదా అని ఇవాళ ఇంకా నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టాడు పంపు. టైరు గట్టిగా ఉంటే రాయి దిగదని అతని లెక్క.

తారు మీద గాలిలా పోయాడు. కంకర మొదలైన చోట సైకిలు ఎగరడం మొదలుపెట్టింది. ప్రతి రాయీ హ్యాండిలుకు తగిలి, అక్కణ్నుంచి మోచేతికి, అక్కణ్నుంచి పళ్లకు తగిలింది. అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నకొద్దీ ముందు చక్రం తన ఇష్టమొచ్చిన వైపు పోయింది. మొదటి మలుపులో బ్రేకు పట్టాడు. వెనక చక్రం జారింది, మనిషి ఒకవైపు, సైకిలు ఒకవైపు.

మోచెయ్యి గీరుకుపోయింది. లేచి మళ్లీ ఎక్కాడు, పది బారలు పోలేదు, మళ్లీ పడ్డాడు. ఈసారి ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. లారీ వచ్చేస్తుంది, ఓబులేసు ఎక్కేస్తాడు, ఆ తర్వాత ఏం జరిగినా అది తన నోటి మాట వల్లే జరిగినట్లు.

సైకిలు నెట్టుకుంటూ ఆశ్రమానికి తిరిగి వచ్చాడు. సామి వరండాలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"సామీ, ఈ సైకిలు ఆ దోవకు పనికిరాదు. ఇది తారురోడ్డుది. కంకరకు వేరే జాతి సైకిలుండాదంట."

సామి ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి వచ్చాడు. మోచెయ్యి చూశాడు. తర్వాత వంగి బొటనవేలితో ముందు టైరు నొక్కాడు. వేలు దిగలేదు.

"రాయి మాదిరుండాదే."

"రాయి మాదిరే ఉండల్ల సామీ. మా నాయన సైకిలు మీద పాలక్యాన్లు మోసినాడు. బొటనేలు దిగితే ఆ పొద్దు బండి బయటికి తీసేవాడు కాదు."

"అవునవును, పాలక్యాన్లకు అంతే ఉండల్ల" అన్నాడు సామి. అని, చక్రం దగ్గర గొంతుకూర్చుని, గాలి కొట్టే చోట వేళ్లతో తడిమాడు. "ఈ మూతేంది, ముక్కుపుడక మాదిరుంది?"

ఎందుకు అడుగుతున్నాడో తెలియక విరూపాక్షి దాన్ని తిప్పి వదులు చేసి చూపించాడు. సామి దాని నెత్తిన వేలు పెట్టి నొక్కాడు.

స్స్స్ మంటూ గాలి బయటికొచ్చింది.

విరూపాక్షికి తన ఒంట్లోంచి నెత్తురు తీస్తున్నట్లయింది. "సామీ! సామీ, మొత్తం తీసెయ్యాకండి!"

"మొత్తం తీస్తే నడవదని నాకు తెలీదా?"

కొంచెం వదలడం, బొటనవేలితో నొక్కి చూడడం, మళ్లీ కొంచెం వదలడం. ముందు చక్రం అయ్యాక వెనక చక్రం. వేలు కాస్త దిగి, లోపల గట్టిదనం తగిలే దగ్గర ఆపేశాడు. చేతులు దులుపుకుని లేచాడు.

చౌడప్ప సామి సామి కాకముందు ఏం చేసేవాడో ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లందరికీ తెలుసు. సైకిలుకు ముందూ వెనకా గాజుల పెట్టెలు కట్టుకుని ఇవే కొండల్లో ఊరూరూ తిరిగినవాడు.

"నేను మోసింది గాజులు నాయనా" అన్నాడు సామి. "నువ్విప్పుడు తెచ్చేదేందో చూసుకొని పో."

విరూపాక్షి మళ్లీ కంకరలోకి దిగాడు. భయంతో ఒళ్లు బిగుసుకునే ఉంది. మొదటి రాయి వచ్చింది. టైరు దాని మీదకు ఎక్కలేదు, దాన్ని కొంచెం లోపలికి తీసుకుని దాటింది. రెండో రాయీ అంతే. గులకరాళ్లు కరకరమన్నాయి గానీ ఎగరేయలేదు. చేతులు వాటంతటవే వదులయ్యాయి. అరచేతుల్ని హ్యాండిలు మీద ఊరికే ఆనించి, నడుము కొంచెం వెనక్కి పెట్టి, చక్రాన్ని దాని దోవన దాన్ని పోనిచ్చాడు. కొంచెం అటూ ఇటూ ఊగింది. ఊగనీ అనుకున్నాడు. ఊగినా పడలేదు.

మలుపు దాటిపోయింది. తను పడిన చోటు ఎప్పుడు వెనకబడిందో కూడా చూసుకోలేదు. హమ్మయ్య అని గట్టిగానే అనేశాడు, వినడానికి చెట్లు తప్ప ఎవరూ లేరు కదా అని.

దోవ పొడవునా చెప్పడానికి ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు. నియమం ఎందుకుండాలి, నియమం లేని మనిషి ఏమవుతాడు, అని పెద్ద పెద్ద మాటలు. కొండ దిగేసరికి అందులో సగం మాటలు మరిచిపోయాడు.

లక్షుమమ్మ ఇంటి ముందు అరుగు మీద ఓబులేసు సంచి సర్దుకుంటున్నాడు. కుడిమోకాలికి తువ్వాలు చుట్టి ఉంది. విరూపాక్షిని చూసి తల తిప్పుకున్నాడు.

విరూపాక్షి సైకిలు గోడకు ఆనించి నిలబడ్డాడు. తువ్వాలు చుట్టిన ఆ మోకాలును చూశాడు. మిగిలిన సగం ప్రసంగం కూడా పోయింది.

"మోకాలు ఎట్లుందన్నా?" అన్నాడు.

ఓబులేసు చెయ్యి సంచి మీద ఆగింది.

"ఆ పొద్దు నేను అట్ల అనకుండా ఉండాల్సింది. నీ నొప్పి నాకు తెలీదు. తెలుసుకోల్యా నేను."

ఓబులేసు లేచి, కుంటుకుంటూ సైకిలు దగ్గరికి వచ్చాడు. పాత డ్రైవరు కదా, ఏ బండి కనబడినా చెయ్యి ముందు టైరు మీదికే పోతుంది. నొక్కి చూశాడు.

"గాలి తక్కువుండాదే."

"సామి తీసినాడు."

"సామినా?" ఓబులేసు మొహంలో నవ్వు వచ్చి, అంతలోనే పోయింది. "ఇసకలో దిగబడితే మేమూ ఇంతే తీసేది. బయటపడినాక కొట్టుకొనేది."

లక్షుమమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. విరూపాక్షి తాగాడు, గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"రాన్నా, పోదాం" అన్నాడు చివరికి.

"నువ్వు పో అప్పా. పొద్దు గూకితే ఆ దోవ మంచిది కాదు."

విరూపాక్షి ఒంటరిగా బయలుదేరాడు. కొండ ఎక్కుతుంటే వెనక ఊళ్లోంచి లారీ హారను వినిపించింది. కనుమ మీద సైకిలు ఆపి, ఒక బండ మీద కూర్చుని, మళ్లీ ఏడ్చాడు. పిల్చుకొని రమ్మన్నాడు సామి, తను వట్టి చేతులతో పోతున్నాడు. ఒక్క మాట అన్నందుకు ఒక మనిషి పోయాడు. ఎంతసేపు కూర్చున్నాడో, లేచేసరికి పడమట ఎరుపు కూడా పోయింది.

కొండ దిగి తారురోడ్డెక్కాడు. ఆశ్రమం గేటు ముందు లారీ ఒకటి లైట్లు వేసుకుని ఆగి ఉంది. కుడికాలు ముందు దించి, తలుపు పట్టుకుని, మెల్లగా దిగుతున్నాడు ఓబులేసు. భుజాన సంచి ఉంది.

విరూపాక్షి సైకిలు దిగాడో, సైకిలే దింపిందో తెలియదు.

"ఈ మోకాలితో నీ కంకరదోవ ఎక్కల్యాను గదప్పా" అన్నాడు ఓబులేసు. "చుట్టుదోవైనా సరే, ఆశ్రమం కాడ దింపి పో అంటి. లారీ ఓనరు నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నోడే, కాదనల్యాకపోయినాడు. వేరే డ్రైవరును చూసుకుంటాడు లే."

విరూపాక్షి సైకిలు గేటుకు ఆనించాడు. సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. ఓబులేసు వద్దనలేదు. లారీ రెండుసార్లు హారను కొట్టి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున ఓబులేసు సావిట్లోకి వచ్చేసరికి, గోడ పక్కన అతని చాప పరిచి ఉంది. వీపుకు ఆనుకోవడానికి వేరుసెనగ పొట్టు నింపిన గోనె, కాలు కింద పెట్టుకోవడానికి మడిచిన దుప్పటి ఉన్నాయి. ఎవరు పెట్టారని అతను అడగలేదు. కూర్చుని, కుడికాలు ముందుకు చాపుకున్నాడు. అది ఈసారీ సామి పీట వైపే ఉంది.

విరూపాక్షి తన చోట కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

సామి వచ్చాడు. చాపిన కాలును చూశాడు, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచాడు. వచ్చి విరూపాక్షి వెనక ఆగాడు. వంగి, అతని భుజం మీద బొటనవేలు పెట్టి, టైరు చూసినట్లు ఒకసారి నొక్కాడు.

"సరిపోయింది" అన్నాడు. అని, వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు.