పచ్చదీపం కింద బోదురయ్య

బోదురయ్య ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. ఈదడం, దూకడం, నాలుక చాపి ఈగను పట్టడం, అన్నీ సొంతంగా పట్టుబడ్డ విద్యలే. అందుకే ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. అడిగితే ఎదుటివాడి కాలం వృథా అవుతుందని అతని జాలి. అడక్కుండా సలహాలు చెప్పడానికి మాత్రం తన కాలం ఎంతైనా ఖర్చు పెట్టేవాడు. ఆ పెరట్లో అంతటి త్యాగబుద్ధి గల బోదురు కప్ప మరొకటి లేదు. అసలు మరో బోదురు కప్పే లేదనుకోండి.

పెరడు ఒక టీచరుగారిది. వంగమడి, బెండ మొక్కలు, ఓ సొరపాదు, మూల కొట్టంలో మైలన్న అనే ముసలి ఎద్దు. ఆ ఏడు టీచరుగారు వంగమడిలో జానెడు కర్ర ఒకటి గుచ్చారు. దాని నెత్తిన చిన్న దీపం. కర్రకు తడి తగిలినంతసేపూ దీపం పచ్చగా ఉంటుంది. తడి ఆరితే ఎర్రబడుతుంది. ఎర్రబడగానే మోటారు దానంతటదే తిరిగి, సన్న గొట్టాల్లోంచి మొక్కమొక్కకూ నీళ్లు చుక్కలుగా పడతాయి. ఇంత ఏర్పాటు చేసి ఆమె సెలవులకు ఊరెళ్లారు. దీపం సంగతి అక్కడినుంచే ఫోనులో చూసుకుంటున్నారని గోడ మీద కాకి కబురు.

గొట్టం చివర ఒకచోట నీరు కారి దోసెడు గుంట కట్టింది. అందులో బోదురయ్య పిల్లలు, ఇంకా తోకలూడనివి, పెరుగుతున్నాయి. మోటారు తిరిగినప్పుడల్లా ఆ గుంట నిండేది.

మోటారు తిరిగినప్పుడల్లా ఇంకొకరి ఇల్లు కూడా నిండేది. పందికొక్కు గోతులయ్య కలుగు వంగమడి కిందే. ఎత్తుకొచ్చి దాచిన వేరుశెనగ కాయలు నాని మొలకలెత్తేవి. ఓ పొద్దున గోతులయ్య బోదురయ్య దగ్గరికొచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"బావా, ఆ కర్రకు నేల భాష రాదు. తెలిసినవాడెవడైనా పక్కన కూర్చుంటే గానీ పచ్చగా వెలగదట. ఈ పెరట్లో నేల సంగతి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"ఆ మాట నేనే అందామనుకున్నాను."

"నువ్వు అనవుగా. అందుకే నేనన్నాను."

కర్ర మొదట్లో బోదురయ్య పొట్టకు సరిపడా గుంట తవ్విపెట్టాడు గోతులయ్య. పక్కింటామె రోజూ నింపే మైలన్న తొట్టిలో నిండా మునిగి, ఒళ్లు తుడుచుకోకుండా వచ్చి, కర్రకు పొట్ట ఆనించి కూర్చోవాలని నియమం పెట్టాడు. దర్బారుకు స్నానం చేసి వెళ్లడం మర్యాద కదా.

బోదురయ్య కూర్చున్నాడు. దీపం పచ్చగా వెలిగింది.

అది రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మొదటి మూడు రోజులూ కోడి వచ్చి దీపం చూసిపోయింది, తొండ వచ్చి తలూపింది. నాలుగోనాటికి వంగాకులు వాలాయి. మొక్కలు కూడా తనకు దండం పెడుతున్నాయనుకున్నాడు బోదురయ్య. అయిదో రోజున తొండ రాలేదు. నత్తలు తలుపులు బిగించుకున్నాయి. సొరపూల మీద తుమ్మెదల రొద ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం పెరడంతా ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. ఆ నిశ్శబ్దంలో దీపం ఒక్కటే, రెప్ప లేని కన్నులా, పచ్చగా. వాలిన తలలన్నీ తనవైపే తిరిగి ఉన్నాయి. ఇప్పుడు వాటిని దండాలనుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఆరో రోజు కాళ్ల కిందినుంచి మాటలు వినిపించాయి. వానపాములవి. చాలా గొంతులు కలిసి ఒక్క సన్నని గొంతైనట్టు.

"పైన ఎవరో అబద్ధం చెబుతున్నారు."

"ఎవరది?" అన్నాడు బోదురయ్య.

"తడి ఉందంటున్నారు. ఇక్కడ లేదు. మేం లోతుకు పోతున్నాం."

మాట చివరికొచ్చేసరికి గొంతు ఎంత కిందికి పోయిందంటే, విన్నాడో ఊహించుకున్నాడో అతనికే తెలియలేదు. అబద్ధాలకోరును పట్టుకు తీరాలనుకున్నాడు. కూర్చున్న గుంటలోంచి లేవకుండానే చుట్టూ వెతికాడు. కాకిని అనుమానించాడు, కోడిని అనుమానించాడు. ఏడో రోజు నేలకు చెవి ఆనిస్తే కింద ఎవరూ లేరు. అబద్ధం మాత్రం ఇంకా ఎవరో చెబుతూనే ఉన్నారు. చాలా దగ్గరగా.

ఆ సాయంత్రం పిల్లల్ని చూడబోయాడు. దోసెడు గుంట అరచేయంత అయింది. అంచున ఎండిన బురదకు కొన్ని చిన్న తోకలు కదలకుండా అంటుకుపోయి ఉన్నాయి. మిగిలినవి నడుమ ఒకదాని మీద ఒకటి. పిలిస్తే ఒక్కటీ ఇటు తిరగలేదు.

బోదురయ్య కొట్టానికి పోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగాడు.

"మైలన్నా, దీపం పచ్చగానే ఉంది. నీళ్లెందుకు రావు?"

ట్రాక్టరు వచ్చాక మైలన్నను ఎవరూ ఏమీ అడగలేదు. నమలడం ఆపడానికే కాసేపు పట్టింది.

"రోజూ నా తొట్టిలో మునిగి ఎక్కడికి పోతున్నావు?"

"కర్ర దగ్గరికి."

"ఆ కర్ర అబద్ధమాడదు తమ్ముడూ. తగిలిందే చెబుతుంది. దానికి తగులుతున్న తడి ఎవరిది?"

బోదురయ్య తన పొట్ట చూసుకున్నాడు. తొట్టి నీళ్ల తడి ఇంకా ఆరలేదు. రెండు రోజులుగా తాను వెతుకుతున్నవాడు దొరికాడు.

"తెలిసీ ఊరుకున్నావా అన్నా?"

"నాలుగోనాడు చెప్పబోయాను. నాకు గడ్డి నమిలే పద్ధతి నేర్పి వెళ్లిపోయావు."

తెల్లారి గోతులయ్య కలుగులోంచి మూతి బయటపెట్టి, దర్బారు ఇంకా మొదలవలేదేమని అడిగాడు. స్నానానికే బయల్దేరానన్నాడు బోదురయ్య. కొత్త అలవాటు కదా, ఇంకోటి అడిగి చూశాడు.

"ఇల్లు బాగా ఆరిందా బావా?"

"గవ్వలా ఆరింది. కాయలన్నీ నింపేశాను. మూడు గదులు కొత్తగా తవ్వాను, సరిగ్గా నీ ఆసనం కిందే."

"అయితే హాయిగా పడుకో."

గోతులయ్య పడుకున్నాడు. బోదురయ్య సొరపాదు నీడన కూర్చుని దీపం కేసి చూశాడు. అది ఎర్రబడలేదు. కర్ర మొదట్లో గుంట ఖాళీగానే ఉంది, కానీ అతను వదిలిన తడి అతని బదులు అక్కడే కూర్చుని ఉంది. పొద్దు నడినెత్తికొచ్చింది. పచ్చకన్ను అతన్నే చూస్తోంది. తను లేకుండా కూడా తన అబద్ధం బతికేస్తుందేమోనని అతనికి చలి పుట్టింది, ఆ ఎండలో.

అప్పుడు దీపం ఎర్రబడింది. మోటారు మూలిగింది.

నేలది వారం రోజుల దాహం. మోటారు పొద్దుగూకే దాకా ఆగలేదు. మూడు గదుల కప్పులూ నాని, ఒకదాని మీద ఒకటి కూలాయి. గోతులయ్య బురదముద్దై పైకొచ్చాడు.

"స్నానానికి వెళ్లలేదా బావా?"

"నువ్వు చేశావుగా బావా."

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. గోతులయ్య పడి, లేచి, వెనక్కి చూడకుండా కంచె దాటాడు. కాయలు మళ్లీ మొలకెత్తాయి.

పిల్లల గుంట నిండింది. అంచున అంటుకుపోయిన తోకలు నీళ్లొచ్చినా కదలలేదు. నడుమ ఉన్నవాటిలో ఒక తోక కదిలింది. చాలాసేపటికి ఇంకొకటి.

దీపం పచ్చగా ఉందని మురిసేముందు, ఆకు వాలిందేమో చూసుకోవాలి.

బోదురయ్య ఇప్పుడు రోజూ సాయంత్రం అడగడానికే మైలన్న దగ్గరికి వెళ్తాడు. కాసేపు కూర్చుని, గడ్డి నమలడం గురించి రెండు సలహాలు చెప్పి వస్తాడు. అడగడం అతనికి ఇంకా రాలేదు.