మాంత్రికుడి పెళ్ళికి మేళం

అనగనగా ఒక రాజు. ఆ సుగంధపురం రాజుకి ముగ్గురు కొడుకులు. కానీ పిల్లలూ, ఇది వాళ్ళ కథ కాదు. రాజుల కథలు చెప్పడానికి భట్రాజులున్నారు. ఇది ఆ ఊళ్ళో సన్నాయి ఊదే తవిటయ్య కథ.

తవిటయ్య కల్యాణి రాగం ఎత్తుకుంటే ఏడ్చే పసిపిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం మాటలు ఆపేవాళ్ళు కాదు. సన్నాయి లేకపోతే పెళ్ళి జరగదు, ఉంటే ఎవరూ వినరు! ఊరేగింపులో ముందు నడిపిస్తారు, భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చోబెడతారు. సంభావన మాటెత్తితే, “మా ఇంట్లో వాయించావంటే నీకెంత పేరొస్తుందో!” అంటారు. పేరుని పులుసులో వేసుకుంటాడా?

అతనికి నాంచారిని పెళ్ళాడాలని ఉంది. నాంచారికీ ఉంది. లేనిది ఆమె తండ్రి బంగారయ్యకే. ఆయన తవిటయ్య పక్కన డోలు వాయిస్తాడు.

“మావా...” అనబోయాడు తవిటయ్య.

“మావా గీవా అనకు. ఈ డోలుతో నా బతుకు ఎలా తెల్లారిందో నాకు తెలీదేటి? పిల్లని మళ్ళీ మేళగాడికే ఇస్తానా? రాజుగారి కొలువు సంపాదించు, అప్పుడు చూద్దాం.”

ఇంతలో ఏం జరిగిందంటే, చిన్న రాజకుమారుడికి నిశ్చయమైన మల్లికావతిని కరాళదంతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల వాడి కోట. పెద్దవాడు వెళ్ళాడు, రాయయ్యాడు. నడిపివాడు వెళ్ళాడు, రాయయ్యాడు. ఇక చిన్నవాడు బయల్దేరాడు. శుభమా అని బయల్దేరుతుంటే మేళం ఉండాలి గదా, తవిటయ్యనీ బంగారయ్యనీ పిలిచారు.

“ఊరి గుమ్మం దాకా వాయించు, కొలువిస్తాను” అన్నాడు రాజు. వాయించాడు. గుమ్మం దగ్గర, “సముద్రం ఒడ్డు దాకా రా, ఇస్తారులే” అన్నాడు రాజకుమారుడు. వెళ్ళాడు. ఒడ్డున, “ఓడలో పొద్దుపోదు, కోట దాకా వచ్చెయ్” అన్నాడు.

“రాకపోతే?” అన్నాడు తవిటయ్య నెమ్మదిగా.

“అయ్యో, ఇంతదూరం వచ్చి!”

నోరు విప్పి కాదనలేని మొహమాటం తవిటయ్యది. అది ఆ వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. ఎక్కాడు. బంగారయ్య నెత్తి కొట్టుకుంటూ వెనకే ఎక్కాడు.

ఆరు సముద్రాలు దాటారు. ఏడో సముద్రంలో ఓడ మునిగింది. ముగ్గురూ సన్నాయీ డోలూ వదలకుండా చెక్క పట్టుకుని తేలుతుంటే పెద్ద తాబేలొకటి వచ్చింది. “మేళంవాళ్ళా? చక్కగా దొరికారు! మా అమ్మాయి పెళ్ళి, కాస్త ఊదిపెట్టండి. వీపు మీద మోసుకెళ్ళి కోట దగ్గర దింపుతాను” అంది.

సముద్రం మధ్యకొచ్చినా తప్పలేదు! తవిటయ్య తాబేళ్ళుండే దీవి మీద కూర్చుని కల్యాణి ఎత్తుకున్నాడు. వెంటనే పెళ్ళికొడుకు మేనమామ తాబేలు మెడ చాచి, “ఆ సాగదీత ఎందుకు బాబూ, దబదబలాడేది ఏదైనా కానియ్” అంది. తవిటయ్య కళ్ళు మూసుకుని దబదబలాడేదే వాయించాడు.

తాబేలు మాట తప్పలేదు. కోట దగ్గర దింపి ఒక రహస్యం కూడా చెప్పింది. “వాడి ప్రాణం ఇనుప పంజరంలో చిలకలో ఉంది. పంజరం కత్తికి తెగదు. రోజూ పొద్దు వాలే వేళకి చిలక, ‘ఉన్నావా?’ అంటుంది. వాడు ‘ఉన్నాను’ అనాలి. ఒక్కసారి పలక్కపోయాడా, బూడిదే.”

కోటలో పెళ్ళి సందడిగా ఉంది. మల్లికావతి మెడలో తాళి కట్టడానికి మాంత్రికుడే పెళ్ళికొడుకై తిరుగుతున్నాడు. మేళాన్ని చూడగానే వాడి మొహం చేటంతయింది.

“సమయానికి వచ్చారు! నా పెళ్ళిలో వాయిస్తే మీకెంత పేరో తెలుసా?”

తవిటయ్యకి ఒళ్ళు మండిపోయింది. అయినా పైకి నవ్వాడు. శ్రుతి పట్టేవాడంటూ రాజకుమారుణ్ణి వెనక కూర్చోబెట్టాడు. ఊదవలసింది ఒక్కటే స్వరం, మహానుభావుడు అదీ నిలపలేకపోయాడు.

ఆ కోటకి రావడానికి ఏ పురోహితుడూ ఒప్పుకోలేదు. “ముహూర్తం ఎప్పుడు పెట్టమంటావు?” అని మాంత్రికుడు తవిటయ్యనే అడిగాడు. మంత్రాలు తప్ప పెళ్ళిలో అన్నీ తెలిసినవాడు గదా!

“గోధూళి లగ్నం దివ్యంగా ఉంది దొరా. తాళి కట్టేవేళ తుమ్ము, చెడ్డమాట చెవిన పడకూడదు. గట్టిమేళం అని కేకెయ్యండి, మేం చూసుకుంటాం.”

పొద్దు వాలింది. మాంత్రికుడు తాళి ఎత్తి పట్టుకున్నాడు. ఎవరైనా తుమ్ముతారేమోనన్న భయంలో వాడికి చిలక గుర్తే లేదు. “గట్టిమేళం! గట్టిగా!” అని తనే అరిచాడు.

ఎవరూ వినని పెళ్ళిళ్ళన్నిటి కోపం తవిటయ్య సన్నాయిలోకి వచ్చింది. బంగారయ్య డోలు పగిలేలా కొట్టాడు. పంజరంలో చిలక “ఉన్నావా? ఉన్నావా?” అని నోరు తెరుస్తూనే ఉంది. ఎవరికి వినపడుతుంది? తాళి మల్లికావతి మెడ దాకా రాకుండానే మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు. రాళ్ళయిన అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

అందరూ సుగంధపురం చేరారు. రాజు ఆనందంగా, “తవిటయ్యా, ఈరోజు నుంచి నువ్వు మా ఆస్థాన విద్వాంసుడివి” అన్నాడు. నాంచారితో పెళ్ళికి తవిటయ్య లగ్నం కూడా పెట్టించుకున్నాడు. అంతలో రాజుగారి కబురు. సరిగ్గా ఆ లగ్నానికే చిన్న రాజకుమారుడి పెళ్ళి. ఆ రోజు దాటితే మూఢం.

“నీ పెళ్ళి తర్వాత చేసుకోవచ్చులే, వచ్చి వాయించు” అన్నాడు రాజు నిండు సభలో.

తవిటయ్య కాదంటే కొలువు పోతుంది. కొలువు పోతే నాంచారి పోతుంది. అయినా ఇక ఓపిక లేదు.

“కుదరదు ప్రభూ.”

రాజు సింహాసనం మీద ముందుకి వంగాడు.

“ఏమన్నావ్?”

“కుదరదన్నాను. ఆ లగ్నం నాది. కొలువు మీ దగ్గరే ఉంచుకోండి.”

పక్కనే ఉన్న బంగారయ్య వైపు చూడ్డానికి తవిటయ్యకి భయం వేసింది. చూస్తే, ఆయన కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

“ఒరే తవిటీ, మెడలో డోలు పడ్డనాటి నుంచి ఆ మాట నా నోట్లోనే ఉండిపోయిందిరా. ఒక్కనాడూ బయటికి రానేదు. కొలువూ వద్దు, గిలువూ వద్దు, నా పిల్ల నీదే!”

అప్పుడు చిన్న రాజకుమారుడు లేచాడు. “నాన్నగారూ, ఆ సన్నాయి లేకుండా నేను తాళి కట్టను. ముందు తవిటయ్య పెళ్ళి కానివ్వండి.” పురోహితుడు పంచాంగం తిరగేసి అదే రోజు ఆ తర్వాత ఇంకో లగ్నం వెతికి పెట్టాడు. రాజు సణుక్కుంటూ ఒప్పుకున్నాడు, కొలువు కూడా ఉంచాడు.

తీరా తవిటయ్య పెళ్ళిలో మేళం ఎవరు? సన్నాయివాడు పెళ్ళికొడుకు, డోలువాడు కన్యాదాత. చివరికి రాజకుమారుడే డోలు మెడలో వేసుకున్నాడు. తాళమా గీళమా, గట్టిగా మాత్రం కొట్టాడు. మొదటి ముడి పడేసరికి చెమటలు కారాయి. రెండో ముడికి చేతులు వణికాయి.

“ఇంకా ఎంతసేపు?” అన్నాడు ఒగరుస్తూ.

“మూడో ముడి పడేదాకా ఆపకూడదు బాబూ” అన్నాడు బంగారయ్య.

నాంచారి తల వంచుకుని నవ్వింది. తవిటయ్య మూడో ముడి మాత్రం ఏ తొందరా లేకుండా, చాలా నిదానంగా వేశాడు.

తర్వాత ఆ రాజకుమారుడు రాజై చాలాకాలం ఏలాడు. తవిటయ్య కల్యాణి ఎత్తుకుంటే సభలో గుసగుస వినపడనిచ్చేవాడు కాదు. వాళ్ళు చల్లగా ఉన్నారు, మీరూ చల్లగా ఉండండి.