దిగుడు దారిలో తారాజువ్వ

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో జట్కా తోలే దస్తగిరి దగ్గర రెండు గుర్రాలు ఉండేవి, పిల్లలూ. ఒకటి నూరీ, వయసు మళ్ళిన ఆడగుర్రం. రెండోది మూడేళ్ళ పడుచు గుర్రం. నిలబడమంటే గెంతేది, నడవమంటే ఎగిరేది. అందుకే దానికి తారాజువ్వ అని పేరు పెట్టాడు.

తారాజువ్వకు ఒకటే కోరిక. జట్కా లాక్కుంటూ కొండ దిగాలి, స్టేషనుకు వెళ్ళి రైలు చూడాలి.

"ముందు పని నేర్చుకో," అంది నూరీ.

మొదటి వారం దానికి తాటి దుంగ కట్టారు. వెనకాల గరగర చప్పుడు విని హడలిపోయింది. నాలుగు రోజులకు చెవి కూడా కదపడం మానేసింది. రెండో వారం ఖాళీ బండి కట్టారు. చక్రాలు గిరగిరా తిరుగుతుంటే తారాజువ్వ ఒళ్ళు పులకరించింది. ఇక మిగిలింది దిగుడు.

"దిగేటప్పుడు బండి మన మీదికి తోసుకొస్తుంది," అంది నూరీ. "వెనక కాళ్ళ మీద బరువు వేసి, అడుగులో అడుగు వేస్తూ దాన్ని ఆపుకోవాలి. లాగడం కన్నా అదే కష్టం."

తారాజువ్వ రెండుసార్లు దిగి విసుక్కుంది. "నత్త ఇంతకన్నా వేగంగా దిగుతుంది పెద్దమ్మా," అంటూ గడ్డి మేయడానికి పోయింది.

మర్నాడు నూరీ కాలు ముల్లు గుచ్చుకుని వాచింది. సరిగ్గా అప్పుడే చెంచమ్మ వచ్చింది. ఆమె చంకలో గంప, గంపలో పొదిగే కోడి, కోడి కింద పదకొండు గుడ్లు.

"అన్నా, రైలుకు పోవాల. కూతురింటికి పోతా ఉండా. కోడిని ఇంట్లో వదిలితే పిల్లి బతకనియ్యదు," అంది.

దస్తగిరి తారాజువ్వ వైపు చూశాడు. "నీకు దిగడం వచ్చిందా?"

 తారాజువ్వకు రైలు కళ్ళ ముందే కనబడినట్టుంది. "వచ్చేసింది మామా," అంది.

బయల్దేరారు. మొదటి మలుపు దగ్గర దారి పల్లానికి దిగింది. బండి వెనక నుంచి తోసింది. తారాజువ్వ బెదిరి పరుగెత్తింది. అది పరుగెత్తేకొద్దీ బండి ఇంకా తోసింది. దస్తగిరి పగ్గాలు బిగబట్టాడు. చక్రం ఒక రాతికి కొట్టుకుని, బండి గట్టుకు ఒరిగి ఆగింది.

గంపలో టప్పుమని చప్పుడైంది. ఒక గుడ్డు పగిలింది. కోడి దాని వైపు చూసింది. మిగతా పదింటినీ రెక్కల కిందికి లాక్కుంది. 

"ఏమైంది?" అన్నాడు దస్తగిరి.

రాయి తగిలిందని చెప్పొచ్చు. అది నిజమే కూడా. కానీ ముందు ఇంకా పెద్ద దిగుడు ఉంది, పక్కన లోయ ఉంది. తారాజువ్వ కోడి రెక్కల వైపు చూసి తల దించుకుంది.

"నాకు దిగడం రాదు మామా. అబద్ధం చెప్పాను."

 దస్తగిరి చెంచమ్మను, గంపను దించి, వెనకే నడిచి రమ్మన్నాడు. తర్వాత కళ్ళెం పట్టుకుని తారాజువ్వ పక్కన నిలబడ్డాడు.

"వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు ఆను. ఇప్పుడు ఒక్క అడుగు వెయ్యి."

 బండి తోసింది. తారాజువ్వ ఆనింది. బండి ఆగింది! ఇంకో అడుగు. ఇంకొకటి. బండి అంత బండీ తన నడుము మాట వింటుంటే, భయం పోయి ఉత్సాహం పొంగుకొచ్చింది. అయినా పరుగెత్తలేదు.

కిందికి చేరేసరికి రైలు కూత పెట్టి కదిలింది. తారాజువ్వకు చివరి పెట్టె ఒక్కటే కనబడింది. సాయంత్రం దాకా ఇంకో రైలు లేదు.

అందరూ వేపచెట్టు నీడన కూర్చున్నారు. అంతలో గంపలోంచి కీచుమని వినబడింది. తారాజువ్వ మెడ చాచి చూసింది. ఒక తడి ముక్కు పెంకును పగలగొడుతోంది.

"నావల్ల ఒకటి పోయింది," అంది తారాజువ్వ మెల్లగా.

"పోయింది తిరిగి రాదమ్మాయీ," అంది కోడి. "కానీ నువ్వు నోరు విప్పకపోతే ఈ పదీ దక్కేవి కావు. దగ్గరికి రా, చూడు."

మర్నాడు తెల్లవారకముందే తారాజువ్వ కొట్టంలో నూరీని లేపింది.

"పెద్దమ్మా, దిగుడు పాఠం మొదటినుంచి చెప్పు. నత్తలాగే దిగుతాను."

నీతి: రానిది రాదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు, వచ్చని బొంకితే దాని నష్టం మనల్ని నమ్మినవాళ్ళ మీద పడుతుంది.