గుండు లేని తూటా

ఒక రాజుకి తుపాకులంటే ప్రాణం. యుద్ధాలంటే మాత్రం గిట్టదు.

ఇదేం విడ్డూరం అనకండి. ఉంటారు అలాంటివాళ్ళు. ఆయన రాజ్యం పట్టుమని పది ఊళ్ళు. ఆ పది ఊళ్ళ మీద పక్క రాజ్యాలవాళ్ళకి ఆశ లేదు, పక్క రాజ్యాలవాళ్ళ మీద ఈయనకి కోపం లేదు. అందుకని కోటలో పొడుగాటి గది ఒకటి తుపాకులకి వదిలేస్తే, అవన్నీ గోడలకి చేరగిలబడి హాయిగా బతుకుతుండేవి. జోడు గొట్టాలవి, ఒంటి గొట్టానివి, మనిషి కన్నా పొడుగువి, చేతిసంచీలో పట్టేంత బుల్లివి. చెదలు తిన్న చెక్క మడమతో ఒకటుండేది. అసలు పేలనే పేలనిది ఇంకొకటుండేది.

"పేలనిది మనకెందుకండీ?" అని రాణి అడిగితే, "పాపం, దాన్ని ఇంకెవరు ఉంచుకుంటారు చెప్పు?" అనేవాడు రాజు.

కొనడం, దాచుకోవడం ఒక ఎత్తు. తూటాలు మళ్ళీ నింపుకోవడం ఇంకో ఎత్తు. పేల్చిన తూటా తాలూకు ఇత్తడి తొడుగుని ఒక్కటంటే ఒక్కటి పారేయనిచ్చేవాడు కాదు. తనే వంగి ఏరుకునేవాడు. చింతపండు పెట్టి తోమి, ఎండబెట్టి, ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుగుకి పట్టి, సన్నటి చీలిక ఏమైనా వచ్చిందేమో చూసి, బాగున్నదాంట్లో మళ్ళీ తుపాకిమందు పోసి సీసపు గుండు బిగించేవాడు. సేవకులు చేస్తామంటే ఒప్పుకునేవాడు కాదు.

"రాజుగారింట్లో పప్పుచారుకి చింతపండు లేదంటే ఎవరైనా నమ్ముతారా?" అని రాణి సాధించేది. "ఆ ఇత్తడి ముక్కని చూసినంత శ్రద్ధగా నా మొహం ఎప్పుడైనా చూశారా?"

రాజు నవ్వేసి, చేతులు కడుక్కుని, ఆవిడ మొహం చూసేవాడు. ఆవిడకి నవ్వొచ్చేది. తుపాకి చప్పుడంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మంట. ఆ గది గడప తొక్కేది కాదు.

ఊరవతల ఎర్రమట్టి కొండ ఉంది. కొండకి ఆనించి చెక్క పలక, పలక మీద కాగితం, కాగితం నడుమ నల్లచుక్క. పలక కింద మనిషి లోతు గుంట. ఆ గుంటలో జెండామనిషి. రాజు మూడు వందల అడుగుల దూరంలో, మైదానం అంచున నిలబడి పేలుస్తాడు. గుండు చుక్కకి తగిలితే గుంటలోంచి తెల్లజెండా లేస్తుంది. తప్పితే ఎర్రజెండా లేస్తుంది. నలభై అయిదేళ్ళుగా రోజూ పొద్దున్నే అదే రాజు, అదే మనిషి.

అయినా ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్నది లేదు. తుపాకి బయట ఉండగా మైదానంలో ఎవరూ అడుగు పెట్టకూడదని కట్టుబాటు. రాజు రాకముందే జెండామనిషి గుంటలో దిగాలి. రాజు వెళ్ళిపోయాకే పైకి రావాలి. కాబట్టి వాళ్ళ మాటలన్నీ చప్పుడూ, జెండాయే.

మొదట్లో అన్నీ ఎర్రజెండాలే. గుండు ఎడమకి పోతే జెండా ఎడమకి వాలేది, పైకి పోతే ఇంకాస్త పైకి లేచేది. కొలువులో "తప్పింది మహారాజా" అనగలిగిన మొనగాడు ఒక్కడూ లేడు. ఏమన్నా "భేష్" అనడమే. ఆ ఎర్రగుడ్డ ఒక్కటే మొహమాటం లేకుండా తప్పిందని చెప్పేది. అందుకే రాజుకి దానిమీద అంత గురి. ఈ భూమ్మీద నాకు నిజం చెప్పే మనిషి ఒకడున్నాడు, వాడు గుంటలో ఉన్నాడు, అనుకునేవాడు.

ఒకసారి జెండామనిషి భార్య పోయింది. పదకొండు రోజులు గుంట ఖాళీ. వేరేవాణ్ణి దింపుతామంటే రాజు వద్దన్నాడు. ఆ పదకొండు రోజులూ మైదానానికి వచ్చి, తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఒక్కటీ పేల్చకుండా వెళ్ళిపోయాడు. పన్నెండో రోజు పేల్చాడు. ఎర్రజెండా లేచింది. రాజుకి ప్రాణం లేచి వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. రాజుకి అరవై దాటాయి. మజ్జిగ గ్లాసు పట్టుకుంటే సగం అంగరఖా మీదే. చూపు కూడా మసక. చిత్రం ఏమిటంటే, చెయ్యి వణికేకొద్దీ గురి కుదురుతూ వచ్చింది. పేల్చినప్పుడల్లా తెల్లజెండాయే. నెలల తరబడి, ఏళ్ళ తరబడి తెల్లజెండాయే. రాజు మురిసిపోయాడు. ఇన్నాళ్ళ సాధన ఊరికే పోలేదని రాణికి చెప్పుకున్నాడు. ఆవిడ గ్లాసు చూసి, ఆయన మొహం చూసి, "అవునండీ" అంది.

సైన్యాన్ని చూసుకునే దళవాయి ఒకడుండేవాడు. చెడ్డవాడు కాదు. తప్పు కనబడితే అన్నం సయించని మనిషి, అంతే. అతను ఒకనాడు రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాజా, తమరు కోప్పడనంటే ఒక మాట. ఆ జెండా అబద్ధం చెబుతోంది."

రాజు మొహం పాలిపోయింది. ఎందుకంటే ఆ మాట తనకీ తోచింది. తోచిన ప్రతిసారీ దాన్ని పక్కకి నెట్టేశాడు.

దొంగజెండా ఎత్తినవాడు పొద్దు వాలేలోగా రాజ్యం పొలిమేర దాటిపోవాలి. రాజుగారి తాతగారి నాటి శాసనం అది. కానీ రాజు గుండెల్లో గుచ్చుకున్నది శాసనం కాదు. ఆ ఒక్కడూ కూడా అబద్ధమైతే ఇక నాకెవరున్నారు, అన్న బాధ.

"పరీక్షిద్దాం," అన్నాడు.

ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని తూటా ఒకటి తయారు చేశాడు. మందు పోశాడు. గుండు మాత్రం పెట్టలేదు. సీసపు గుండు బల్ల మీదే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఆ తూటాని అన్నిటికన్నా ముసలి తుపాకిలో వేశాడు.

తుపాకులు మాట్లాడతాయా అంటారేమో. నలభై అయిదేళ్ళు ఒకరి భుజానికి చెంప ఆనించుకున్నది మాట్లాడకుండా ఉంటుందా?

"రాజా, కడుపు ఖాళీగా ఉంది," అంది ముసలి తుపాకి.

"తెలుసు."

"మరి ఇవాళ ఎవర్ని కొడుతున్నాం?"

రాజు తుపాకిని భుజానికి ఆనించుకున్నాడు. పేల్చాడు. చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. పక్కనున్న దళవాయి కొండవైపు మెడ చాచాడు. ఎర్రది లేవాలి దేవుడా, ఎర్రది లేవాలి, అని రాజు లోపల్లోపల మొక్కుకున్నాడు.

తెల్లజెండా లేచింది.

"చూశారా!" అన్నాడు దళవాయి. ఆ గొంతులో సంతోషం లేదు, పాపం.

రాజు తుపాకి విప్పి పక్కనున్న బల్ల మీద పెట్టాడు. దళవాయిని అక్కడే ఉండమని, మైదానంలోకి నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నేల మీద ఆయన కాలు పెట్టడం అదే మొదలు. మోకాళ్ళు నొప్పి. కోపం, దుఃఖం రెండూ కలిసి వస్తున్నాయి. ఏం అడగాలో, ఎలా తిట్టాలో దారంతా తయారు చేసుకున్నాడు.

గుంట దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి కేక.

"ఎవడ్రా అది? మారాజు తుపాకి పట్టుకుని ఉంటే మైదానంలో షికార్లా? బతకాలని లేదా నీకు?"

"నేనేనయ్యా," అన్నాడు రాజు.

లోపల సర్దుకుని కూర్చున్న చప్పుడైంది.

"తుపాకి ఎక్కడ పెట్టొచ్చారు?"

"విప్పి బల్ల మీద పెట్టాను."

"అయితే సరే. మూడో మెట్టు జారుతుంది. చూసుకుని దిగండి."

రాజు దిగాడు. గోడకి వీపు ఆనించి, పలకకి ఎడంగా, మైదానం వైపు చెవి ఒగ్గి ఒక ముసలాయన కూర్చున్నాడు. కుడిపక్క తెల్లజెండా, ఎడమపక్క ఎర్రజెండా. రెండు కళ్ళ మీదా తెల్లటి పొరలు. రాజు ఎదురుగా నిలబడితే ఆ కళ్ళు ఆయన పక్కనున్న గోడని చూస్తున్నాయి. తయారు చేసుకున్న తిట్లన్నీ రాజుకి మరపున పడ్డాయి.

"కాగితం చూసి ఎన్నాళ్ళయిందయ్యా?"

"ఆరేళ్ళు, మారాజా. ఏడో ఏడు నడుస్తోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వేరేవాణ్ణి పెడతారు గదా."

"మరి తెల్లది ఎలా ఎత్తావు?"

"చప్పుడు వినబడేది. ఆహా, మారాజు ఇవాళ కూడా వచ్చారు, అనుకునేవాణ్ణి. ఎత్తేవాణ్ణి."

"తప్పితే ఎర్రది ఎత్తాలి గదయ్యా!"

"కుర్రతనంలో ఎర్రది చూపిస్తే మీరు పంతం పట్టి మర్నాడు ఇంకా పెందలాడే వచ్చేవారు. ఈ వయసులో చూపించాననుకోండి..." ముసలాయన తడబడ్డాడు. "మర్నాడు రాకపోతే?"

రాజు గుంటలో, ఆ మట్టిలో, ముసలాయన పక్కనే కూలబడ్డాడు.

"అయితే ఆరేళ్ళూ అబద్ధమేనా?"

"గుండు సంగతి అబద్ధమే, మారాజా. మిగతాది కాదు." ముసలాయన రాజు వైపు తల తిప్పాడు. "ఇవాళ తూటాలో గుండు పెట్టలేదు గదా మీరు?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "నీకెలా తెలుసు?"

"గుండు కొండలో దిగితే నా వీపుకి తెలుస్తుంది. ఇవాళ ఉత్త చప్పుడే వచ్చింది."

"అది పరీక్ష అని తెలీలేదా?"

"తెలిసింది."

"తెలిసీ ఎత్తావా? పొలిమేర దాటించేస్తారని తెలిసీ?"

"పేలింది గదా, మారాజా. పేల్చింది మీరే గదా. దానికి జవాబు ఇవ్వకుండా ఎలా ఊరుకుంటాను?"

రాజుకి ఏడుపొచ్చింది. రాజులు ఏడవకూడదని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఆ గుంటలో దిగి చూడలేదు.

అంతలో దూరం నుంచి దళవాయి కేక వినబడింది. "మహారాజా! తీర్పేమిటి? గుండు తగిలినట్టా, లేనట్టా?"

రాజు కళ్ళు తుడుచుకుని, తెల్లజెండా తీసుకుని, తన చేత్తోనే పైకెత్తాడు. చెయ్యి వణికింది. పక్కనుంచి ముసలాయన కర్ర అడుగు పట్టుకున్నాడు. అవతల దళవాయి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. లేని గుండు ఎలా తగిలిందో ఆ మహానుభావుడికి ఇప్పటికీ తెలీదు.

ఆనాటి నుంచి రాజు తూటాల్లో గుండు పెట్టడం మానేశాడు. తొడుగులు ఏరడం, తోమడం, మందు నింపడం అన్నీ మామూలే. పొద్దున్నే ఒక చప్పుడు, ఒక తెల్లజెండా. నల్లచుక్క చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

ఆ ఏడు వానాకాలంలో రాజు మంచం పట్టాడు. జ్వరం తగ్గలేదు. చెయ్యి పైకి లేవలేదు. మూడో రోజు పొద్దున గంజి కూడా ముట్టలేదు.

"ఏం కావాలండీ?" అంది రాణి, ఆయన తల నిమురుతూ.

"రెండు రోజులైంది. చప్పుడు వినబడకపోతే వాడేమనుకుంటాడు?"

"ఒంట్లో బాగాలేదని మనిషిని పంపి చెప్పిస్తాను."

"వద్దు. మనిషి వచ్చాడంటే వాడు ఇంకోటి అనుకుంటాడు."

రాణి ఆయన దుప్పటి సర్దింది. తర్వాత లేచి, ఎన్నడూ తొక్కని ఆ గది గడప తొక్కింది. సొరుగులో ఒకే ఒక్క తూటా నింపి ఉంది. ముసలి తుపాకిని రెండు చేతులా ఎత్తుకుంది.

"అమ్మా, నువ్వా!" అంది తుపాకి.

"నోర్ముయ్యి," అంది రాణి.

మైదానంలో సన్నగా జల్లు పడుతోంది. తూటా ఎటు పెట్టాలో దళవాయి చూపించాడు. ఆవిడ కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని పేల్చింది. భుజం అదిరి, తడిగడ్డిలో చతికిలబడింది.

జెండా లేవలేదు.

రాణి మొహం మీది వాన తుడుచుకుంది. ఆ ముసలాయన చెవి సంగతి రాజు చెప్పగా ఆవిడకి తెలుసు. మోసపోడు, మా ఆయన చెయ్యి కాదని పోల్చుకున్నాడు, ఇప్పుడేమయిపోతాడో, అనుకుంది. గడ్డిలోనే కూర్చుని కొండవైపు చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి గుంటలోంచి ఎర్రజెండా లేచింది. ఆరేళ్ళు దాటాక లేచిన ఎర్రజెండా. రాణి నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఎర్రజెండా దిగలేదు. అది అలా ఉండగానే, రెండో పక్కనుంచి మెల్లిగా తెల్లజెండా లేచింది. రెండూ వానలో తడుస్తూ, ఆవిడ లేచి నిలబడి వెనక్కి తిరిగేదాకా అలాగే ఉన్నాయి.

ఇంటికి రాగానే రాజు అడిగాడు. "ఏది ఎత్తాడు?"

"రెండూ."

రాజు కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసనుంచి ఒక చుక్క చెవిలోకి జారింది. రాణి వేలితో తుడిచింది. ఆవిడ వేళ్ళు మందు వాసన వేస్తున్నాయి.

"భుజం నొప్పెడుతోందా?" అన్నాడు.

"ప్రాణం పోతోంది."

"రేపు కూడా వెళ్తావా?"

"తూటాలైపోయాయిగా," అంది రాణి, పైటచెంగు నడుముకి దోపుకుంటూ. "ఎలా నింపాలో చెప్పండి."